పెండ్లితో మాట ముగియునా?

టెలివిజనులో ప్రదర్శింపబడు అపరాధపరిశోధన నాటకములలో ఒక ప్రత్యేకజాతి కలదు. అందు హత్య యొకటి జరుగును. దానిని శోధించుటకు ఇరువురు బయలుదేరుదురు. ఆ యిరువురికిని ఏ విషయమునను పొసగదు. ఒకరు నియమమే ప్రాణముగా గలవారు. మఱియొకరు నియమమును నవ్వులాటగా చూచువారు. ఒకరు శాస్త్రమును నమ్ముదురు. మఱియొకరు తమ మనసునకు తోచినదానిని నమ్ముదురు. శవముప్రక్కను నిలిచి వాదించుకొందురు, కారులో వాదించుకొందురు, ఠాణాలో వాదించుకొందురు. తుదకు ఆ వాదములోనుండియే హంతకుని జాడ బయటపడును. అమెరికాదేశమున ఇట్టి నాటకములు నలువది యేండ్లకు పైగా విరివిగా పుట్టుచున్నవి. ఇప్పుడు మన యిండ్లలోను, భోజనమైన పిమ్మట చేతిలోని ఫోనునందే వానిని చూచి నిద్రించువారు కలరు.

ఈ నాటకములపై మన పెద్దలు మోపుచున్న నేరములు ముఖ్యముగా రెండు. మృత్యువును ముందిడుకొని నవ్వుట మర్యాద కాదనునది మొదటిది. పెండ్లికాని స్త్రీపురుషులు పగలనక రాత్రియనక కలసి తిరుగుచు, ఆడుది మగవానికి ఎదురుచెప్పుచు, అతడు దానికి కోపింపక నవ్వుచునుండుట చూచినచో మన బిడ్డలు చెడిపోవుదురనునది రెండవది. ఈ రెంటికిని ప్రత్యుత్తర మిచ్చిన పిమ్మట, ఈ నాటకములను కల్పించువారే నమ్ముచున్న యొక మూఢవిశ్వాసమును గూర్చి ముచ్చటింపవలసియున్నది. నిజమునకు ఈ వ్యాసము దానికొఱకే వ్రాయబడినది.

హత్యయు హాస్యమును ఒక్క పీటపై కూర్చుండరాదని చెప్పువారు మన ప్రాచీననాటకములను పూజించువారేగాని చదివినవారు కారు. మృచ్ఛకటికమున చారుదత్తునిపై వసంతసేనను చంపెనను నేరము మోపబడును. విచారణ జరుగుచుండగా అతని ప్రాణమిత్రుడగు మైత్రేయుడు శకారునితో కలియబడి, చంకలోనున్న నగలను న్యాయాధికారియెదుటనే జాఱవిడుచును. చూచువాడు పకాలున నవ్వును. ఆ నగలే చారుదత్తుని వధ్యస్థానమునకు నడిపించును. నవ్విన నోరు మూతపడకుండగనే గుండె గుభిల్లుమనును. శూద్రకుడు ఈ రెండు రసములను తెలియక కలిపినాడా? షేక్స్పియరు మహాకవి నాటకములలో 1600వ సంవత్సరమున అచ్చుపడిన ‘మచ్ అడో అబౌట్ నథింగ్’ అనునది చూడుడు. అందు బియాట్రిసు, బెనెడిక్కు అనువారు ఒకరినొకరు మాటలతో గీరుకొనుచుందురు. వారి కథప్రక్కనే ఒక కన్యపై ఘోరమైన నింద పడును. ఆ కుట్రను బయటపెట్టునది, ఒక్క మాటనైనను సరిగా పలుకనేరని డాగ్‌బెర్రీ యను కాపలాదారును అతని మందమతులగు అనుచరులును. మాటకు మాట యిచ్చు జంట, నవ్వు పుట్టించు రక్షకభటులు, విడిపోవు నేరపుముడి: నేటి టెలివిజను నాటకమునకు కావలసిన సామగ్రి యంతయు అందే యున్నది. మన గురజాడవారి కన్యాశుల్కమున లుబ్ధావధానులు హత్యానేరమున చిక్కుకొనిన పిమ్మట నవ్వు ఆగెనా? ఆగలేదు సరికదా, ఆ నవ్వుచాటుననే కవి మనచేత పోలీసువారి లంచములను, తప్పుడు సాక్ష్యములను చూపించినాడు.

నవ్వు దుఃఖమును చెఱపదు. అనేక సమయములందు దానిని మోయుటకు బలమిచ్చును. 2002 మొదలు 2009 వఱకు నడిచిన ‘మంక్’ అను నాటకమున పరిశోధకునికి మురికి యన్న భయము, ఎత్తన్న భయము, గుంపన్న భయము. అతనికి తోడుగా మొదట షరోనా యను నర్సు, పిమ్మట నాటలీ యను మఱియొక స్త్రీ నడుచుదురు. అతని చాదస్తమునకు మనము కడుపుబ్బ నవ్వుదుము. కాని అతని భార్య కారులో పెట్టిన బాంబువలన చనిపోయినదనియు, ఆ హంతకుడెవ్వడో తెలియక అతడు లోలోన కుములుచున్నాడనియు మనము ఒక్క గడియయైనను మఱవము. 2009 మొదలు 2016 వఱకు వచ్చిన ‘కాసిల్’ అను నాటకమున న్యూయార్కు పోలీసు డిటెక్టివు బెకెట్టు అను స్త్రీ, ఆమె వెంటబడిన నవలారచయిత కాసిల్, వీరి చమత్కారములకు అంతులేదు. ఆ స్త్రీ పోలీసు ఉద్యోగమున చేరుటకు కారణము తన తల్లి హత్య. అంతటి గాయమును మోయుచున్న మనుష్యురాలు దినమంతయు ఏడ్చుచు కూర్చుండవలెనా? మన యిండ్లలో పెద్దకర్మనాడు బంధువులందఱును చేరి, పోయినవారి చాదస్తములను తలచుకొని నవ్వుచు కన్నీరు తుడుచుకొనుట ఎవరెఱుగరు? దానిని అపచారమని యెవరైన అందురా?

ఇక రెండవ నేరము. ఆడుది ఎదురుచెప్పుచున్నదనియే కదా ఈ గోల! ఇందుకు సమాధానముగా ‘రెమింగ్టన్ స్టీల్’ అను నాటకపు కథను చెప్పెదను. ఇది 1982 మొదలు 1987 వఱకు అమెరికాలో ప్రదర్శింపబడినది. లారా హోల్టు అను యువతి అపరాధపరిశోధనమున శిక్షణ పొంది, లాస్ ఏంజెలెస్ నగరమున సొంత కార్యాలయము తెఱచినది. ఆడుది నడుపు డిటెక్టివు కచేరియని తెలిసి ఎవ్వరును ఆమె గడప త్రొక్కలేదు. అప్పుడామె లేని మగవానినొకనిని కల్పించి, అతనికి రెమింగ్టన్ స్టీల్ అని పేరుపెట్టి, తన పై యధికారి అతడేయని బోర్డు కట్టినది. కట్టగనే పనులు వచ్చి పడినవి! కొంతకాలమునకు పూర్వచరిత్ర తెలియని దొంగయొకడు వచ్చి, ఆ లేని మనుష్యుని పేరును తాను తగిలించుకొని కుర్చీలో కూర్చుండును. పని ఆమెది, పేరు వానిది. శోధన ఆమెది, పత్రికలలో బొమ్మ వానిది. ఏవారము చూచినను వారిరువురి తగవునకు మూలమిదియే.

చదువరులారా, ఇది కేవలము లాస్ ఏంజెలెస్ నగరపు కథయా? మన యూళ్లలో ఆడుది సర్పంచిగా ఎన్నికకాగా ఆమె కుర్చీలో మగడు కూర్చుండి సంతకములు పెట్టించుటను మనము చూడలేదా? బడిలో ఉపాధ్యాయినిగా ముప్పదియేండ్లు పనిచేసి ఇల్లు కట్టించిన స్త్రీ గుమ్మమున భర్త పేరొక్కటియే చెక్కియుండుటను చదువలేదా? లారా హోల్టు తన మగపేరును తానే కల్పించుకొన్నది. మన స్త్రీలకు ఆ శ్రమయైనను లేదు, సంఘమే కల్పించి యిచ్చుచున్నది. ఇట్టి కథను చూచి మన యాడుపిల్లలు చెడుదురనువారు, ఏమి చెడునని భయపడుచున్నారో కొంచెము విప్పి చెప్పిన బాగుండును.

దీనికి ప్రక్కను మన దూరదర్శనమువారు 1985లో చూపిన ‘కరమ్‌చంద్’ను పెట్టి చూడుడు. పంకజ్ కపూర్ నటించిన ఆ డిటెక్టివు కారెట్టు కొఱుకుచు నేరములను విప్పుచుండును. అతని సహాయకురాలు కిట్టీ ఏదో యడుగును, అతడు నోరుమూసికొమ్మనును, దేశమంతయు నవ్వును. ఆ నటులిద్దఱును నేర్పరులే. ఆ నాటకమును జనులు నేటికిని ప్రీతితో తలచుకొనుట సహజమే. కాని లెక్క చూడుడు: సుమారు ఆ కాలముననే అక్కడ ఒక స్త్రీ కచేరి నడుపుచు మగవానితో సరిసమానముగా వాదించుచుండగా, ఇక్కడ స్త్రీ నోరు మూయించుటయే మనకు హాస్యమైనది. పెద్దలకు ఆ నవ్వు అభ్యంతరము కాలేదు. ఆడుది మాటాడినపుడు మాత్రము సంస్కృతి జ్ఞప్తికి వచ్చును!

ఇంతకును ఈ నాటకములయెడ జనులకు గల ఆకర్షణమునకు కారణమేమి? నేరమా? నేరము చూడగోరువానికి వార్తలు చాలును. చిక్కుముడియా? ఈ నాటకములలో హంతకుడెవ్వడో అలవాటుపడిన ప్రేక్షకుడు సగములోనే చెప్పగలడు. నా యభిప్రాయమున ఆకర్షణమంతయు సంభాషణమునందున్నది. ఇరువురు మనుష్యులు, తెలివిలో ఒకరికొకరు తీసిపోనివారు, ఒక పనిమీద దృష్టి నిలిపి, ఒకరి మాటను మఱియొకరు ఖండించుచు, ఖండింపబడినందుకు అవమానపడక, మఱునాడు మరల వచ్చి అదే బల్లవద్ద కూర్చుందురు. ‘బోన్స్’ అను నాటకమున బ్రెన్నను అను స్త్రీ ఎముకలను పరీక్షించి మృతులెవ్వరో నిర్ణయించు శాస్త్రజ్ఞురాలు, దేవుడు లేడనునది. ఆమెతో పనిచేయు బూతు అను అధికారి కాథలిక్ మతస్థుడు, ప్రార్థన చేసికొనువాడు. వీరు ఏండ్లతరబడి దైవమును గూర్చి వాదించిరి. ఎవ్వరును ఓడిపోలేదు, ఎవ్వరును అలిగి పోలేదు. మతమును గూర్చి యిట్లు వాదించి, ఆ పిమ్మట కలసి కాఫీ త్రాగగల దంపతులు మనలో ఎందఱు?

మన సామాన్యగృహస్థుని యింటిలో భార్యాభర్తల సంభాషణమును ఒక్క దినము కాగితముపై వ్రాసి చూడుడు. కూర యేమి? పాలవాడు వచ్చెనా? కరెంటు బిల్లు కట్టితిరా? పిల్లవానికి మార్కులెన్ని? వీనితో పుట సగమైనను నిండదు. పిమ్మట ఆయన తన మిత్రునితో ఫోనులో రాజకీయములను గంటసేపు చర్చించును. ఆమె తన అక్కతో లోకమంతయు ముచ్చటించును. ఇరువురును మాటకారులే, కాని ఒకరితో నొకరు కారు. సప్తపదిలో ఏడవ యడుగు సఖ్యము కొఱకు వేయించుచున్నాము. అన్నమునకు మొదటిదియు, బలమునకు రెండవదియు, ఇట్లు ఆఱడుగులు నడచిన పిమ్మట గదా ఆ యేడవది! అన్నిటికిని శిఖరముగా నుంచిన ఆ సఖ్యమును పందిటితోనే విప్పివేయుచున్నాము. అట్టి యింటిలో కూర్చుండిన యిల్లాలు, బెకెట్టు మాట పలుకగా కాసిల్ చెవియొగ్గి వినుటను చూచి ముఖము వికసింపజేసికొన్నయెడల, ఆమె చూచుచున్నది హత్యను కాదు; తనకు దొరకవలసియుండియు దొరకని దానిని.

ఇప్పుడు ఆ మూఢవిశ్వాసమును గూర్చి. ఈ నాటకములను వ్రాయువారిలో ఒక సామెతవంటి సిద్ధాంతము ప్రబలియున్నది: జంట విడివిడిగా నున్నంతవఱకే కథకు ప్రాణము, వారు కలసిరా, కథ చచ్చును. దీనికి దృష్టాంతముగా అందఱును చూపునది ‘మూన్‌లైటింగ్’. 1985లో మొదలైన ఈ నాటకమున మాడీ హేస్ అను స్త్రీ పూర్వము ప్రసిద్ధురాలగు మోడలు. ఆమె ధనమును లెక్కలు చూచువాడు అపహరించిపోగా, మిగిలిన ఆస్తులలో నష్టపు డిటెక్టివు కచేరి యొకటి తేలినది. దానిని మూసివేయబోయిన ఆమెకు అచ్చటి ఉద్యోగి డేవిడ్ అడిసను అడ్డుపడి, కలసి నడుపుదమని ఒప్పించును. సిబిల్ షెపర్డు, బ్రూస్ విల్లిస్ వీరిరువురును ఒకరి మాటపై నొకరు మాట వేయుచు పరుగెత్తించిన ఆ సంభాషణములు అంతవఱకు టెలివిజను ఎఱుగనివి. 1987 మార్చిలో ఆ జంట కలసినది. 1989లో నాటకము ఆగిపోయినది. కావున కలయికయే దానిని చంపినదని తీర్పు.

మన తర్కశాస్త్రమున దీనికి కాకతాళీయమని పేరు. కాకి వాలినది, తాటిపండు పడినది. కాకియే పడవేసినదని వాదించుట. ఆ రెండేండ్లలో జరిగిన తక్కిన సంగతులను చూడుడు. షెపర్డు గర్భవతియై 1987 అక్టోబరులో కవలలను కన్నది. విల్లిస్ ‘డై హార్డ్’ చలనచిత్రమున నటింపబోయెను. జంటయే ప్రాణమైన నాటకమున ఆ యిరువురు ఒక్క గదిలో నిలుచు దృశ్యములు కఱవైనవి. 1988లో రచయితల సమ్మె నెలలతరబడి సాగినది. నాటకమును సృష్టించిన గ్లెన్ గోర్డన్ కారన్ దానిని విడిచిపోయెను. ఇన్ని కారణములు కన్నులయెదుట నుండగా, నిందయంతయు కలయికపై మోపిరి. ఏల? కలసిన స్త్రీపురుషులకు మాటాడుకొనుటకు ఏమియు మిగులదని వారు ముందే నమ్మియున్నారు గనుక.

ఈ నమ్మకము అబద్ధమని చెప్పుటకు సాక్ష్యము లేకపోలేదు. అది టెలివిజనునకు పూర్వమునుండియు కలదు. డాషియల్ హామెట్టు నవలననుసరించి 1934లో వెలువడిన ‘ది థిన్ మాన్’ చలనచిత్రమున నిక్కు, నోరా అనువారు దంపతులు. పెండ్లియైనవారే సరసోక్తులాడుచు నేరమును శోధింతురు. ప్రజలు ఆ దంపతులను విడువలేదు; 1947 వఱకు ఆ వరుసలో ఆఱు చిత్రములు వచ్చినవి. 1979 మొదలు 1984 వఱకు నడిచిన ‘హార్ట్ టు హార్ట్’ నాటకమున పరిశోధకులు భార్యాభర్తలే. ‘బోన్స్’ 2005లో మొదలైనది. అందలి జంటకు 2013లో పెండ్లి చేసిరి. ఆ పిమ్మట నాటకము 2017 వఱకు నడిచినది. దైవమును గూర్చిన వాదము పెండ్లితో ఆగలేదు, బిడ్డలు పుట్టినను ఆగలేదు. కాసిల్‌కును బెకెట్టుకును 2014లో వివాహమైనది. మఱుసటి యేడు రచయితలు, పాత భయము పట్టి కాబోలు, ఒక నెపము కల్పించి వారిని వేఱుకాపురము పెట్టించిరి. ఆ వేఱుపాటు నాటకమును బ్రతికించెనా? ఆ యేడే దానికి కడపటి యేడైనది.

నేనీ తగవును ఇంతదూరము లాగుట అమెరికా నాటకములపై తీర్పు చెప్పుటకు కాదు. కలయికతో కథ ముగియునను సిద్ధాంతము అక్కడి రచయితలది మాత్రమే కాదు, మనది కూడ. మన చలనచిత్రములు పెండ్లిపీటలపై తెర దించుచున్నవి. మన పెద్దలు, పెండ్లికి ముందు మాటలెక్కువైనచో బెదరుదురు. పెండ్లియైన పిమ్మట మాటలు లేకున్నను బెదరరు. భార్యాభర్తల మౌనమునకు అన్యోన్యమని పేరు పెట్టి గౌరవించుచున్నారు. మా యింట ఇన్నేండ్లలో ఒక్క వాదమైనను రాలేదని గొప్పగా చెప్పుకొను గృహస్థుని నేనొక్క ప్రశ్న యడుగుదును: అయ్యా, వాదము రాకపోవుటకు మీ యిరువురి యభిప్రాయములు ఒక్కటియగుట కారణమా, లేక ఒకరి యభిప్రాయము బయటికే రాకపోవుట కారణమా?

ఈ నాటకములలో దోషము లేదని నేననను. ముప్పావుగంటలో హంతకుడు దొరకవలెను గనుక, తుదిని వాడు తనంతట తాను నేరమొప్పుకొనును. మన దేశమున పోలీసు అధికారియెదుట చేసిన ఒప్పుకోలు నిందితునిపై సాక్ష్యముగా చెల్లదు. 1872 నాటి సాక్ష్యచట్టపు 25వ సెక్షను అట్లు శాసించినది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 23వ సెక్షను అదే రక్షణను నిలిపియుంచినది. ఒప్పుకోలు ఏ విధముగా రాబట్టబడునో ఎఱిగినవారు చేసిన కట్టుబాటది. అనుమతి లేక తాళము తీయుచు, నవ్వుచు నవ్వుచు నియమము మీఱు పరిశోధకుని చూచి మన యువకులు ఆ కట్టుబాటును వట్టి అడ్డంకిగా భావించినచో అది ప్రమాదమే.

అయినను ఈ దోషమునకు మందు కూడ ఆ జంటలోనే యున్నది. శోధనకు ఇద్దఱెందుకు? ఒకరి తొందరను మఱియొకరు ఆపుటకు. కాళిదాసు శాకుంతలమున ఉంగరము దొరకిన జాలరిని చేతులు కట్టి ఈడ్చుకొనివచ్చు భటులిద్దఱును చూడుడు. వారికి ఏ విషయమునను భేదము లేదు. ఇద్దఱును జాలరిని కొట్టుటలో ఏకీభవింతురు. ఇద్దఱును పై యధికారిని పొగడుటలో ఏకీభవింతురు. రాజు జాలరికి బహుమాన మిచ్చినపుడు అందులో సగము కల్లంగడికి పోవుటయందును ఏకీభవింతురు. నిర్దోషియైనవాడు ప్రాణముతో బయటపడుట రాజు ఉంగరమును గుర్తించుటచేతగాని వారి విచారణచేత కాదు. ఇక మృచ్ఛకటికమున చందనకుడు, వీరకుడు అను రక్షకులిద్దఱు నడివీధిలో తగవులాడుకొందురు. ఆ తగవువలననే, జోస్యమునకు వెఱచిన రాజు అకారణముగా చెఱపెట్టిన ఆర్యకుడు బండిలో తప్పించుకొనును. పొసగిన భటులు అమాయకుని ఉరివద్దకు తెచ్చిరి. పొసగని భటులు అమాయకుని విడిపించిరి. మన పూర్వకవులు ఈ రహస్యమునెఱుగుదురు. కావున నాటకకర్తలను కోరవలసినది నవ్వును తగ్గింపుమని కాదు, తగవును నిజము చేయుమని: నియమము మీఱబోవువానిని ప్రక్కనున్నవారు నిజముగా ఆపవలెను, అనుమానింపబడినవాడు నిర్దోషి యేమోయని వారిలో ఒక్కరైనను తుదివఱకు అడుగుచుండవలెను.

గృహస్థులకు మనవి చేయునది యింతే. ఈ నాటకములను మీ యింటివారికి నిషేధింపకుడు. వారితో కూర్చుండి చూడుడు. హంతకుడెవ్వడని మీకు తోచెనో చెప్పుడు. మీ భార్యయు మీ కూతురును కాదన్నచో ఏల కాదో వినుడు. వారి మాటయే నిజమైనచో ఒప్పుకొనుడు. నాటకము ముగిసిన పిమ్మట టెలివిజను కట్టివేసి ఆ వాదమును మఱికొంతసేపు సాగింపుడు. హంతకుని విషయమున భర్తమాటను కాదనుటకు వెఱవని యిల్లాలు, కూతురి చదువు విషయమున, ఇల్లు కొను విషయమున, ఓటు వేయు విషయమున సైతము నోరు విప్పగలదు. ఆ దినమున ఆమెకు సమాధానము చెప్పుటకు మనము ఇప్పటినుండియే అలవాటుపడుట మంచిది.